కుట్టూ, అల్లికా కాలక్షేపమేనా?

మన భాషలోకి ‘హాబీ’ అనే ఇంగ్లీషు మాట వచ్చి స్థిరపడి చాలాకాలమైంది. దానికి తెలుగు వెదికినవారు కొందరు కాలక్షేపమన్నారు, కొందరు అభిరుచి అన్నారు, కొందరు వ్యాసంగమన్నారు. ఈ మూడూ ఒకటి కావు. కాలక్షేపమంటే మిగిలిపోయిన కాలాన్ని ఎట్లాగో ఒకట్లా గడపటం. అభిరుచి అంటే మంచిచెడ్డలను ఏరుకోగల శక్తి. వ్యాసంగమంటే పట్టు విడవకుండా చేసే సాధన. మన ఇళ్లల్లో ఆడవాళ్లు కుట్టే కుట్లకూ, అల్లే అల్లికలకూ ఈ మూడింటిలో ఏ మాట తగిలిస్తున్నామనేది నిఘంటువుకు సంబంధించిన తగాదా కాదు. ఆ మాటను బట్టి ఆ పనికి గౌరవం నిర్ణయమవుతున్నది. కొన్ని చోట్ల కూలి కూడా నిర్ణయమవుతున్నది. అందుకని దీన్ని గూర్చి విమర్శకులు కాస్త ఆలోచించటం అవసరం.

చేతిపనుల విషయంలో ప్రస్తుతం రెండు ధోరణులు చలామణీలో ఉన్నాయి. మొదటిది సంప్రదాయ ప్రియులది. వారికి చేత్తో చేసినదల్లా పవిత్రం, పాతదల్లా గొప్పది. చేసినవాడి పూట ఎట్లా గడుస్తున్నదన్న ప్రశ్న వారికి తోచదు. రెండోది, అభ్యుదయవాదులమని చెప్పుకునే మనలోనే కొందరిది. యంత్రం వచ్చింది గనక చేతిపని కాలం చెల్లిపోయిందనీ, దాన్ని పట్టుకు వేళ్లాడటం వెనక్కు పోవటమేననీ వీరి వాదం. ఇంట్లో కూర్చుని దిండుగలీబు మీద పువ్వులు కుట్టుకునే గృహిణి వీరికి మధ్యతరగతి సోమరితనానికి నమూనాగా కనిపిస్తుంది. ఒకరు నెత్తిన పెట్టుకుంటున్నారు, మరొకరు పక్కకు నెడుతున్నారు. వస్తువును చేతిలోకి తీసుకుని, ఇది ఎట్లా తయారైంది, ఎవరు తయారుచేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు అని అడిగే పని మాత్రం ఇద్దరూ చేయటం లేదు.

ముందుగా మన ప్రాంతపు ఇళ్లనే చూద్దాం. చిత్తూరు, తిరుపతి వైపు సామాన్య కుటుంబాలలో చేతిపని లేని ఇల్లు అరుదు. పాత చీరలను పొరలు పొరలుగా పరిచి, దూరకుట్లు వేసి కుట్టిన బొంత ఒకటి ఎక్కడో ఒకచోట ఉంటుంది. ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్ట కూరగాయలకు పోతుంది. గుమ్మానికి పూసల తోరణం, బల్లమీద క్రోషియా గుడ్డ, గోడమీద అద్దం కట్టించిన రెండు దారపు చిలకలు ఉంటాయి. దసరాకు కొలువు పెట్టే ఇళ్లల్లో బొమ్మలకు చిన్న చిన్న చీరలూ, కాగితపు పూలూ తయారవుతాయి. తెల్లవారేసరికి వాకిట్లో చుక్కల ముగ్గు ఉంటుంది. ఎందుకమ్మా ఈ శ్రమ అని అడిగితే ‘ఊరికే కూర్చోలేక అల్లుకుంటా ఉండాను’ అని జవాబు వస్తుంది.

ఆ జవాబును ఉన్నదున్నట్టుగా నమ్మితే మనం మోసపోయినట్టే. బొంత కుట్టటం కాలక్షేపం కాదు. చలికి కప్పుకునేందుకు కొనే స్తోమత లేనివాళ్లు చేసే ఉత్పత్తి అది. దాన్ని ‘ఊరికే’ అనటంలో ఒక అలవాటు దాగి ఉన్నది. ఇంట్లో ఆడది చేసే పనికి పని అనే పేరు లేకపోవటమే ఆ అలవాటు. దారపు చిలకల సంగతి వేరు. అవి చాలాకాలంపాటు పెళ్లిచూపుల సామగ్రిలో భాగం. పిల్లకు కుట్లూ అల్లికలూ వచ్చునా అని అడిగేవారు. వచ్చునని చెప్పటానికి గోడమీద సాక్ష్యం వేళ్లాడేది. ఆ కుట్టు నైపుణ్యానికి ప్రదర్శన అనేకంటే అణకువకు ప్రదర్శన అనటం సబబు. తల వంచుకుని, ఒకచోట కూర్చుని, గంటల తరబడి ఓపికగా ఉండగల పిల్ల అని ఆ చిలకలు వరుడివారికి చెప్పేవి. రొజికా పార్కర్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1984లో వెలువడిన తన పుస్తకంలో యూరపు ఎంబ్రాయిడరీ చరిత్ర అంతా పరిశీలించి ఈ విషయాన్నే నిరూపించింది: ఆడపిల్లను ‘ఆడపిల్ల’గా తయారుచేయటానికి సూదీదారం ఒక సాధనంగా ఉపయోగపడిందనీ, అయితే అదే సూదిని పట్టుకుని స్త్రీలు ఆ కట్టడిని ప్రతిఘటించారనీ.

ఈ రెండో సగాన్ని మన మొరటు భౌతికవాదులు మరచిపోతారు. పెళ్లి అయిపోయినాక, చూసే వరుడివారు ఎవరూ లేనప్పుడు, ఆమె మళ్లీ సూది ఎందుకు పట్టుకుంటున్నది? ఆమె దినచర్య చూడండి. వంట ఇంటివాళ్ల ఆకలిని బట్టి నడుస్తుంది. నీళ్లు కుళాయి వచ్చే వేళను బట్టి పట్టాలి. పొలం పని మేస్త్రి మాటను బట్టి, బట్టల కంపెనీలో పని యంత్రం వేగాన్ని బట్టి జరుగుతుంది. రోజుకంతా ఒక్క అల్లిక దగ్గరే ఏం చేయాలో, ఎట్లా చేయాలో, ఎప్పుడు ఆపాలో ఆమె నిర్ణయించుకుంటున్నది. మొదలు తనదే, తుది తనదే. మధ్యలో నచ్చకపోతే విప్పి మళ్లీ అల్లే అధికారమూ తనదే. పనిలో మనిషికి దక్కవలసిన స్వాతంత్ర్యం పనిలో దక్కక, పని అయిపోయిన తర్వాత మిగిలిన గంటలో దక్కుతున్నది. కనుక హాబీని చూసి నవ్వే ముందు, అది మన శ్రమవ్యవస్థ మీద చెబుతున్న ఫిర్యాదును వినాలి. ఇంగ్లండులో విలియం మారిస్ (1834–1896) సోషలిస్టు కావటానికి దారితీసిన ఆలోచన కూడా దాదాపు ఇదే. అద్దకాలూ, నేతా, నీలిమందూ స్వయంగా నేర్చుకున్న ఆ కవి, సంతోషంగా చేయదగిన పని ప్రతి మనిషికీ హక్కు అన్నాడు. తన దుకాణంలో తయారైన వస్తువులు ధనికులకు తప్ప అందటం లేదన్న బాధ ఆయన్ను చివరిదాకా వదలలేదు.

ఇంతవరకు చెప్పింది తన కోసం చేసుకునే పనిని గురించి. ఆ పని అంగట్లోకి వచ్చిన మరుక్షణం కథ మారిపోతుంది. ఇందుకు తెలుగునాట నర్సాపురం లేసుకు మించిన ఉదాహరణ లేదు.

గోదావరి ప్రాంతంలో క్రోషియా అల్లికను పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పారు. క్రమంగా అది వర్తకుల చేతిలోకి వెళ్లి ఎగుమతి వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రజ్ఞురాలు 1970ల చివర ఆ గ్రామాల్లో పరిశోధించి, 1982లో తన గ్రంథం వెలువరించింది. ఆమె చూపించిన పద్ధతి ఇది: దారం ఏజెంటు ఇస్తాడు. ఒక స్త్రీ పువ్వులు మాత్రమే అల్లుతుంది. దాన్ని ‘చేతిపని’ అంటారు. మరొక స్త్రీ ఆ పువ్వులను కలిపి కుడుతుంది, అది ‘అతుకుపని’. పూర్తయిన బల్లగుడ్డ ఏ దేశంలో ఏ బల్లమీద పరుస్తారో ఇద్దరికీ తెలియదు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లినా, వచ్చే కూలి వ్యవసాయ కూలికి నిర్ణయించిన కనీస వేతనాన్ని కూడా అందుకోలేదు. ఇంత తక్కువ కూలి ఎట్లా సాధ్యమైంది? సమాధానం ఆ ఒక్క మాటలో ఉన్నది. వీళ్లు కార్మికులు కారు, గృహిణులు. తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటున్నారు. వర్తకుడూ అదే అన్నాడు, అధికారీ అదే అన్నాడు, ఇంటి మగవాడూ అదే అన్నాడు. చివరకు అల్లేవాళ్లు కూడా అదే అనుకున్నారు. పొలానికి పోకుండా గడపలోనే ఉండటం కులగౌరవానికి గుర్తు కనక, కూలి తక్కువైనా ‘మేము కూలివాళ్లం కాము’ అన్న తృప్తి వారికి మిగిలింది. ఆ తృప్తి ఖరీదు ఎగుమతిదారు లాభంలో జమ అయింది.

ఇది నర్సాపురం ప్రత్యేకత అనుకోవటానికి వీల్లేదు. మార్క్స్ 1867లో అచ్చయిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలో నాటింగ్‌హామ్ లేసు పనిలో పసిపిల్లలను తెల్లవారకముందే నిద్రలేపి పని చేయించిన వైనం రాశాడు. లండనులో 1863లో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవై ఏళ్ల కుట్టుపనిపిల్ల ఇరవై ఆరున్నర గంటలు ఎడతెగకుండా పనిచేసి మరణించిన ఉదంతమూ ఆ గ్రంథంలోనే ఉన్నది. రాణివాసపు నాట్యానికి పోయే దొరసానుల గౌన్లు కుడుతూ ఆ పిల్ల చనిపోయింది. దొరసాని చేతిలో సూది అలంకారం; పనిపిల్ల చేతిలో అదే సూది ఉరి. సూదిలో దోషం లేదు. కాలం ఎవరిది, వస్తువు ఎవరిది అన్నదే ప్రశ్న.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషించవలసిందే. అయితే గుర్తింపు వస్తువుకు వచ్చింది. చేసేవారికి కార్మికులన్న గుర్తింపు వస్తేనే ఈ కథకు ముగింపు.

ఇక మన ప్రాంతపు ముఖ్యమైన కళకు వద్దాం. శ్రీకాళహస్తి కలంకారీని గూర్చి పొగడ్తలు చాలా వచ్చాయి. విమర్శ తక్కువ వచ్చింది. పొగడ్తకు పనితనం తెలియవలసిన అవసరం లేదు గాని, విమర్శకు ఉన్నది. అందుచేత ముందు పని చూద్దాం.

కోరా నూలుగుడ్డను గంజి పోయేదాకా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. చింతపుల్లల బొగ్గుతో మొదటి గీతలు గీస్తారు. కలమంటే మొన చెక్కిన వెదురుపుల్ల. మొనకు కాస్త పైగా ఉన్ని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ ఉండను రంగులో ముంచి, వేళ్లతో మెల్లగా వత్తుతూ గీస్తే గీతలోకి రంగు దిగుతుంది. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనపముక్కలను బెల్లంనీళ్లలో రోజుల తరబడి ఊరబెడతారు. ఆ నీరు గుడ్డమీది కరక్కాయ వగరును తాకగానే నల్లబడి పీచులో కలిసిపోతుంది. తుడిపేందుకు వీలులేదు. తర్వాత ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, గుడ్డను పారేనీటిలో జాడించి, మంజిష్ఠ, సురుడుచెక్క, చిరివేరు వంటివాటితో ఉడకబెడతారు. పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. పసుపు రంగు కరక్కాయ పువ్వుతో, నీలం నీలిమందుతో వస్తాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ. ప్రతి రంగుకూ మధ్య ఉతకటం, ఆరబెట్టటం. ఈ ఉతుకుడుకంతా పారేనీరు కావాలి. ఆ నీరు స్వర్ణముఖి ఇచ్చేది. నది ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగా ఉంటే, కళకు మొదటి దెబ్బ రంగులోనే తగులుతుంది.

ఈ వివరాలన్నీ చెప్పటంలో ఒక ఉద్దేశం ఉన్నది. శ్రీకాళహస్తి కళలో ప్రధానమైనది గీత. మచిలీపట్నం, పెడన వైపు కలంకారీలో చెక్క అచ్చులు పనిచేస్తాయి. అక్కడి అందం ఆవృత్తిలో ఉన్నది. ఇక్కడ అచ్చు లేదు. నల్లటి గీత ఒకసారి పడితే పడిందే గనక, గీసేవాడి మనసులో బొమ్మ ముందే పూర్తయి ఉండాలి. ఆ నిర్ణయబలమే ఆ పెద్ద కళ్లకూ, గట్టి దవడలకూ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలిచిన మూర్తులకూ జీవం ఇచ్చింది. లేపాక్షి కుడ్యచిత్రాల ముఖాలతో వీటికి పోలిక కనిపించటం ఆశ్చర్యం కాదు. నడుమ ఒక పెద్ద చిత్రం, పట్టాభిషేకమో కల్యాణమో. దాని చుట్టూ వరుసలు వరుసలుగా కథ. ప్రతి గడికీ కింద తెలుగు అక్షరాలలో వ్యాఖ్య. గుడిలో తెరగా కట్టిన ఈ గుడ్డ ముందు చదువు రానివాడు బొమ్మ చూశాడు, చదువు వచ్చినవాడు చదివి వినిపించాడు. హరికథలాగానే ఇదీ సభలో నిలబడే కళ. దానికి జనం ఉన్నారు, కథ ఉన్నది, చెప్పే వరుస ఉన్నది.

ఆ కళను పోషించిన గుళ్లూ, జమీందార్లూ చల్లబడిపోయాక అది క్షీణించింది. అంతకు ముందే విదేశీ వ్యాపారం మన తీరపు అద్దకపు బట్టలను ఎక్కించీ దించీ ఉన్నది. ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1700లోనూ 1721లోనూ వీటిని నిషేధిస్తూ శాసనాలు చేశాయంటే, మన చేతులు అక్కడి మిల్లు యజమానులను పుట్టకముందే భయపెట్టాయన్నమాట. యంత్రం సహజంగా గెలిచిందనే మన మిత్రులు ఈ శాసనాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చినాక కమలాదేవీ చట్టోపాధ్యాయ పూనికతో 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం ఏర్పడింది. కలం మళ్లీ చేతుల్లోకి వచ్చింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది. ఇప్పుడు స్త్రీలు పెద్దసంఖ్యలో ఈ పనిలో ఉన్నారు. ఇది నిజమైన అభివృద్ధి.

అయితే కొత్త మార్కెట్టు కొత్త రూపాన్ని కోరింది. గుడితెర చీర అంచు అయింది, చున్నీ అయింది, చేతిసంచీ అయింది. కథలోంచి ఒక్క ముఖం తెగి వచ్చి రవికె వీపుమీద కూర్చున్నది. రూపం మారటం తప్పు కాదు. జనం మారితే కళ మారాలి. బైబిలు కథలకు కూడా ఈ కలం ఒదిగింది. మారేటప్పుడు ఏది పోతున్నదో గమనించటం విమర్శకుడి పని. ఇక్కడ పోతున్నది కథనం. వరుస పోయి మూర్తి ఒంటరిదైనప్పుడు, ఎదురుగా చూసేందుకు ఎవరూ లేని ఆ పెద్ద కన్ను వట్టి అలంకారమవుతుంది. ఇక మిల్లుబట్ట మీద యంత్రంతో అచ్చువేసి ‘కలంకారీ’ అని అమ్మే సరుకు గురించి చెప్పవలసిందేమీ లేదు. అందులో కలమూ లేదు, కారీ లేదు. పేరు దొంగతనం మాత్రం ఉన్నది.

ఈ సందర్భంలోనే మళ్లీ హాబీ ప్రశ్న ఎదురవుతుంది. నేడు పట్టణాల్లో అనేకమంది స్త్రీలు అంగట్లో దొరికే రంగులతో, బ్రష్షుతో, ఇంట్లో చీరలమీద కలంకారీ బొమ్మలు వేసుకుంటున్నారు. కొందరు పండితులు దీన్ని అపచారమంటారు. నేను అనను. అయితే ఇందులో ఒక మేలూ, ఒక కీడూ ఉన్నాయి. రెండిటినీ విడివిడిగా చూడాలి.

మేలు ఏమిటంటే, చేసి చూసినవారే బాగా చూడగలరు. వెదురు కలంతో ఒక కనుబొమ గీయబోయి నాలుగు గుడ్డలు పాడుచేసుకున్న మనిషి, శ్రీకాళహస్తి పనివాడు ఒక్క విసురుతో గీసిన గీతముందు ఊరికే ‘బాగుంది’ అనదు. ఎందుకు బాగుందో ఆమెకు చెయ్యి చెబుతుంది. బేరమాడేందుకు ఆమెకు నోరు రాదు. కళకు మంచి ప్రేక్షకులు ఇట్లా తయారవుతారు. పాట నేర్చుకున్నవారంతా గాయకులు కాకపోయినా, వారివల్ల సభకు వినికిడి పెరుగుతుంది. ఈ అర్థంలో హాబీ అభిరుచికి బడి.

కీడు ధరలో ఉన్నది. ఇంట్లో సరదాగా చేసిన వస్తువును ఆమె అమ్మబోయినప్పుడు గుడ్డ ఖర్చూ, రంగు ఖర్చూ వేసుకుని, పైన కొంచెం కలుపుకుంటుంది. తన గంటలను లెక్క వేయదు. భర్త జీతం మీద ఇల్లు నడుస్తున్నది గనక వేయవలసిన అవసరం ఆమెకు లేదు. కాని అదే అంగట్లో, ఆ పని మీదనే బతికే మరో స్త్రీ నిలబడి ఉన్నది. కొనేవాడు ఇద్దరి ధరలూ పోల్చి చూస్తాడు. తన కాలానికి వెల కట్టుకోని చెయ్యి, తెలియకుండానే పక్క చేతి వెలను పడగొడుతున్నది. నర్సాపురంలో ఏజెంటు చెప్పిన అబద్ధాన్ని ఇక్కడ హాబీదారు తనంత తానే నిజం చేస్తున్నది. దీనికి విరుగుడు హాబీ మానటం కాదు. చేసుకున్నది ఇంట్లో వాడుకోవచ్చు, బంధువులకు ఇచ్చుకోవచ్చు. అమ్మదలచినప్పుడు మాత్రం గంటలు లెక్కకట్టి, పనివారి ధరకు తగ్గకుండా అమ్మాలి. ఇంత చిన్న నియమంలో ఇద్దరి స్నేహమూ ఉన్నది.

సూదిదారం స్త్రీని వంచటానికి ఉపయోగపడిందన్నాం; అది నోరు విప్పటానికి కూడా ఉపయోగపడింది. చిలీలో 1973 సైనిక కుట్ర తర్వాత, మాయమైపోయిన కొడుకులను వెదుక్కుంటున్న తల్లులు గోనెగుడ్డల మీద పాతబట్టల ముక్కలు అతికి, ఆ దుర్మార్గాన్ని బొమ్మలుగా కుట్టారు. పత్రికలు మూగబోయిన చోట గుడ్డ మాట్లాడింది. కుట్టుపని ఆడవాళ్ల కాలక్షేపమని అధికారులు మొదట్లో చూసీ చూడనట్టు పోయారు. ‘కాలక్షేపం’ అన్న చిన్నచూపే వారికి కవచమైంది. మన సుగాలీ స్త్రీల రవికెలమీది అద్దాలూ, కుట్లూ ఏం చెబుతున్నాయో మనం ఇంకా చదవటం నేర్చుకోలేదు. వాటిని సంతలో కొని దిండుగలీబులు చేసుకోవటం మాత్రం నేర్చుకున్నాం.

మన కథల్లో, నవలల్లో ఈ చేతులు ఎంతవరకు కనిపిస్తున్నాయి? నాగలి పట్టిన చెయ్యి వచ్చింది, సుత్తి పట్టిన చెయ్యి వచ్చింది, మగ్గం మీది చెయ్యి కూడా కొంత వచ్చింది. సూది పట్టిన చెయ్యి మాత్రం తరచుగా నాయిక సుకుమారానికి గుర్తుగానే వస్తుంది. ఆమె ఏం కుడుతున్నదో, ఎన్ని గంటలు కుడుతున్నదో, కళ్లు ఎప్పుడు మసకబారినాయో, దారం ఎవరు కొనిచ్చారో రచయిత చెప్పడు; బహుశా అడగలేదు. శ్రమను గౌరవించే సాహిత్యమని చెప్పుకుంటూ, ఇంట్లో జరిగే శ్రమను అలంకారంగా వాడుకోవటం మన దృష్టిలోని లోపం.

ఇంతకూ ఈ వ్యాసం మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. తన కోసం, తన ఇష్టప్రకారం చేసుకునే కుట్టు వ్యాసంగం. అది మనిషికి ఉండదగిన తీరికకు నమూనా, దాన్ని ఎగతాళి చేసే హక్కు మనకు లేదు. చలికి కుట్టిన బొంత ఉత్పత్తి. దాన్ని పని అని పిలవాలి. ఏజెంటు దారానికి అల్లిన పువ్వు కూలిపని. దానికి కనీస వేతనం ఉండాలి. శ్రీకాళహస్తి తెర కళ. దానికి పొగడ్త కాక విమర్శ కావాలి. నాలుగింటినీ కలిపి ‘హాబీ’ అనే ఒక్క సంచిలో వేసినవాడికి లాభం ఎక్కడ వస్తున్నదో చూడటం మన వంతు.